ర్యాంపు కంటే ముందు బాత్రూమ్ చూడు

చి. అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

హెడ్‌మాస్టరుగా చేరీ చేరగానే బడికి ర్యాంపు కట్టిస్తానని పట్టుబట్టావటగా. "దీనికెందుకన్నయ్యా లేనిపోని తలనొప్పి" అని మీ నాన్న ఫోన్లో ఒకటే గొణుగుడు. నాకైతే ముచ్చటేసింది. టెన్షన్ కూడా పట్టుకుంది.

కాగితాల పని నీకు తెలిసిందే. సదరం సర్టిఫికెట్, అదే వైకల్యం ఉందని ఇచ్చే పత్రం, లేనివాళ్లకు ఇప్పించు, అది లేదని మాత్రం ఎవరినీ గేటు దగ్గర ఆపకు. 40 శాతం వైకల్యం ఉంటే 18 ఏళ్లదాకా ఉచిత చదువు హక్కని 2016 చట్టంలోనే ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం టీచరుతో మంచిగా ఉండు. వినికిడి తక్కువున్న పిల్లల్ని ముందు కూర్చోబెట్టి, బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పొద్దని మీ సార్లకు చెప్పు.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన ఒక హైస్కూల్లో వరండా రెండున్నర అడుగుల ఎత్తు. అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు చొప్పున 30 అడుగులు కావాలి. జాగా లేదని కాంట్రాక్టరు పదడుగుల్లో ముగించాడు, పైగా నున్నటి టైల్స్. మలుపు తిప్పి కట్టమని ఒక్కరూ అనలేదు. ఫొటోలు దిగారు, బిల్లు పాసయింది. చక్రాల కుర్చీలో వచ్చే ఏడో తరగతి పిల్లను ఎక్కించడానికి ఇద్దరు, దించడానికి ముగ్గురు కావాల్సొచ్చేది.

అదైనా ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లు. బాత్రూమేమో రెండు మెట్ల మీద, తలుపు రెండడుగులు. కుర్చీ దూరదు. ఆ పిల్ల భోజనం దగ్గర నాలుగు మెతుకులు తిని లేచేది, నీళ్ల సీసా ముట్టేది కాదు. నెమ్మదస్తురాలనుకున్నారంతా. జ్వరాలొచ్చి, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలాక వాళ్లమ్మ చెప్పింది: "నీళ్లు తాగితే వెళ్లాలి కద సార్, అందుకే పొద్దున్నించీ తాగనివ్వను." ఎనిమిదిలో ఆ పిల్ల పేరు హాజరు పట్టీలో లేదు.

అందుకే చెబుతున్నా, బాత్రూమ్ ముందు. తలుపు మూడడుగులుండాలి, బయటికి తెరుచుకోవాలి. లోపల కుర్చీ తిరిగేందుకు అయిదడుగుల జాగా, వెస్టర్న్ కమోడ్, పక్కన గట్టి కడ్డీ, కూర్చున్న చేతికందే గడియ. కట్టాక దానికి తాళమేసి చీపుళ్లూ విరిగిన బెంచీలూ పడేస్తే నేనే వచ్చి తిడతా. ఆడపిల్లలకు సాయంగా ఒక ఆయాను కూడా చూసుకో.

"మేం ఎత్తుకుని ఎక్కిస్తాంలే మేడమ్" అనే మంచివాళ్లు తప్పకుండా ఉంటారు. అయిదో తరగతిలో నీ కాలు విరిగినప్పుడు నేనెత్తుకుని బడిలో దింపితే, అందరూ చూస్తున్నారని నా భుజం కొరికావు, మర్చిపోయావా? వేళకు తిను తల్లీ, మీ అమ్మ బెంగ పెట్టుకుంది. కొలతలు వాట్సాప్‌లో పంపు, కాంక్రీటు పోయకముందే. పోశాక పంపితే నేను చూసి చేసేదేం లేదు.

మీ పెదనాన్న