రెండుసార్లు లాంగ్‌టర్మ్ చేసినా ఎంబీబీఎస్ సీటు రాలేదు: మళ్ళీ నీటా, బీపీటీనా, డయాలసిస్ కోర్సా?

చెల్లీ, నీ ప్రశ్నలో అసలు సంగతి చివర్లో పెట్టినావు. నీట్‌కి రెండుసార్లు లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకున్నా కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, ఎంబీబీఎస్ రాలేదు, మీ నాయన ఇంకొక్కసారి రాయమంటున్నారు, పెదనాన్నేమో బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చేస్తే పేరు ముందర డాక్టరని పెట్టుకోవచ్చంటున్నారు. ఇవన్నీ ఇంట్లోవాళ్ళ మాటలు. కిడ్నీలు పని చేయనివాళ్ళ రక్తాన్ని మెషీన్‌తో శుభ్రం చేసే డయాలసిస్ కోర్సు మీద కొంచెం మనసుందన్నది ఒక్కటే నీ మాట. నేను చదివిందీ అదే, తిరుపతిలోనే పని చేస్తున్నా, కాబట్టి అక్కడ్నుంచే మొదలుపెడతా.

పొద్దున మొదటి షిఫ్టుకి పేషెంట్లు వచ్చేలోపల ఆర్‌వో ప్లాంట్ నీళ్ళు టెస్ట్ చేసి ఉండాల. ఒక మనిషికి నాలుగు గంటల డయాలసిస్ అంటే దాదాపు 120 లీటర్ల నీళ్ళు. అందులో క్లోరమైన్, అంటే నీళ్ళ శుద్ధికి వాడే మందు, మిగిలిపోతే రక్తకణాలు పగిలిపోతాయి. తర్వాత రక్తాన్ని వడకట్టే డయలైజర్‌నీ ట్యూబులనీ సెలైన్‌తో నింపి కడగాల, దాన్ని ప్రైమింగ్ అంటాం, గాలిబుడగ ఒక్కటీ మిగలకుండా. ఇంతలో పీలేరు నుంచో శ్రీకాళహస్తి నుంచో తొలి బస్సు పట్టుకున్నవాళ్ళు టిఫిన్ క్యారియర్లతో దిగుతారు. ఒంట్లో ఎన్ని నీళ్ళు చేరినాయో తెలియడానికి బరువు చూస్తాం. నిన్న పెళ్ళి భోజనంలో ఎన్ని గ్లాసుల మజ్జిగ తాగినారో వాళ్ళు చెప్పకపోయినా కాటా చెప్పేస్తాది. చేతి మీద ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, దగ్గర వేళ్ళు ఆనిస్తే లోపల జుమ్మని తెలుస్తాది, దాన్ని థ్రిల్ అంటాం. అది తగల్లేదంటే సూది ముట్టుకోకూడదు, డాక్టరును పిలవాల్సిందే. మూడో గంటలో పేషెంటు ఊరికే ఆవలిస్తుంటే నిద్ర అనుకోము. బీపీ పడిపోతోందేమోనని వెంటనే చూస్తాం. మెషీన్ అలారం కొట్టకముందే మొహం చూసి పసిగట్టడం ఈ పనిలో నాకు బాగా నచ్చేది.

నచ్చనిదీ చెప్పాల. మొదటి జీతం చాలా తక్కువ. 2016 నుంచి ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో యూనిట్లు వచ్చినాయి కాబట్టి పని దొరుకుతాది, కానీ చాలాచోట్ల నడిపేది ప్రైవేటు సంస్థలు, ఉద్యోగం పర్మనెంట్ కాదు. ఇంకోటి, వారానికి రెండుమూడుసార్లు ఏళ్ళతరబడి చూసిన మనిషి ఒకరోజు రారు. ఎందుకు రాలేదని ఎవరినీ అడగక్కర్లేదు. దీనికి ఏ కోర్సులోనూ పాఠం ఉండదు.

బీపీటీ మంచి చదువే. పక్షవాతమొచ్చిన మనిషి చెయ్యి నోటిదాకా లేచేవరకూ నెలలపాటు అదే వ్యాయామం చేయించే ఓపిక నీకుంటే కళ్ళు మూసుకుని చేరు. తిరుపతిలో టీటీడీ వాళ్ళ ఎముకల ఆసుపత్రి బర్డ్‌కి పోయి ఒక పూట చూసిరా, తెలిసిపోతాది. డాక్టరనే మాట కోసమైతే వద్దు. 2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు పేరు ముందర ఆ మాట వాడకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ విభాగం ఒకటి లేఖ ఇచ్చి, వెంటనే దాన్ని ఆపేసింది. ఇట్లా ఊగే మాట కోసం నాలుగైదేళ్ళు పెట్టడం నాకైతే సరిగా కనపడదు. చట్టపరంగా చూస్తే 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో ఫిజియోథెరపీ ఉంది, డయాలసిస్ టెక్నాలజీ కూడా ఉంది.

ఉద్యోగ భద్రతే ముఖ్యమంటే నువ్వు అడగని బీఎస్సీ నర్సింగ్ ఈ రెండింటికంటే మేలని నా అభిప్రాయం. నాలుగేళ్ళు. ఎయిమ్స్ వాళ్ళు నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్ష రాయొచ్చు, అందులో 80 శాతం పోస్టులు ఆడవాళ్ళకే. మన ఇళ్ళల్లో నర్సింగ్ అంటే మూతి విరుస్తారు గానీ, వాళ్ళకే ఒంట్లో బాగలేకపోతే ముందు పిలిచేది సిస్టర్‌నే! నీట్‌లో క్వాలిఫై అయ్యుంటే ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్ కూడా ఉంది, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు, ఆయుర్వేద కాలేజీ తిరుపతిలోనే ఉంది. ఆయుర్వేదం మీద నమ్మకం లేకుండా మాత్రం పోవద్దు.

మూడోసారి లాంగ్‌టర్మ్ సంగతి. కటాఫ్‌కి చాలా దగ్గర్లో ఆగిపోయి, ఇంకా చదవాలని నీకే ఉంటే సరే. నీ మార్కులు చెప్పలేదు, కానీ ఉత్తరం చదివితే ఆ హాస్టల్ గదికి మళ్ళీ పోవాలని నీకు లేదనే అనిపిస్తాంది. నీట్‌కి ఇప్పుడు గరిష్ఠ వయసు లేదు, ఎన్నిసార్లు రాయాలన్న లెక్కా లేదు. మీ నాయనతో ఆ మాట చెప్పు, కొంత మెత్తబడతారు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూడొద్దు, సొంత ఆసుపత్రి ఉందా, అందులో పేషెంట్లు ఉన్నారా చూడు. మా యూనిట్‌కి ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన ఒకమ్మాయి, పేరు అనవసరం, ఫైనలియర్ దాకా ఫిస్టులా ముట్టుకోలేదు. వాళ్ళ కాలేజీలో మెషీన్ ఉంది, దానికి గుడ్డ కప్పి ఉంది. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి తనే ఒక యూనివర్సిటీ, దాని నోటిఫికేషన్ వేరేగా వస్తాది. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ వేరు. ఒకదాంట్లో అప్లై చేస్తే రెండోదానికీ సరిపోతాదని అనుకోవద్దు. రెండింటి వెబ్‌సైట్లూ రోజూ చూస్తుండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కోచింగ్ సెంటర్లో ఉంటే ఈ వారంలోనే తెచ్చుకో.