కెమెరా కావాలంటాడు, కోడింగ్ అంటాడు: పలాస తండ్రికి జవాబు

ప్రశ్న: మాది పలాస. చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాను. మా గుంటడు ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. మరీ చదవనివాడు కాదు గానీ ఎప్పుడు చూసినా ఫోన్లోనే ఉంటాడు. కొత్త ఫోన్ ఏది వచ్చినా దాని ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ అన్నీ గడగడా చెప్పేస్తాడు. వీధిలో ఎవరి ఫోన్ పాడైనా వీడి దగ్గరకే తెస్తారు. పైథాన్ కోడింగ్ నేర్చుకుంటున్నానంటాడు. ఇప్పుడు డెబ్బై వేల కెమెరా కొనాలని, అది కాకపోతే గేమింగ్ లాప్‌టాప్ అయినా కొనాలని ఇంట్లో గొడవ. లెక్కల్లో మార్కులు తగ్గాయి. విశాఖలో అరవై వేలకు యాప్ డెవలప్‌మెంట్ కోర్సు ఉందట, అందులో పడేయమని మా బావమరిది అంటున్నాడు. తొమ్మిదో తరగతి చదివే పాప కూడా ఉంది. వీడిని ఏటి చెయ్యమంటారు?

జవాబు: వీధిలో ఎవరి ఫోన్ పాడైనా వీడి దగ్గరకే తెస్తారని రాశారు చూడండి, నేను అక్కడ ఆగాను. మీరు దాన్ని కూడా ఫిర్యాదుల లిస్టులో కలిపేశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో పనికొచ్చే కబురు అదొక్కటే. మిగతావన్నీ ఈ వయసు పిల్లలందరి ఇళ్ళలో ఉన్నవే.

ఫోన్ల వివరాలన్నీ నోటికి రావడమంటే క్రికెట్ స్కోర్లు నోటికి రావడం లాంటిది. తప్పు కాదు, కానీ దానికి జీతం ఇచ్చేవాళ్ళు లేరు. ఎవరిదో ఫోన్ ఆగిపోతే కూర్చుని, ఎక్కడ తేడా వచ్చిందో వెతికి, సరిచేసి చేతికివ్వడం వేరు. అందులో ఓపిక ఉంది, అవతలి మనిషి ఇబ్బంది వినడం ఉంది. మీ వాడిలో ఈ రెండో రకం ఎంత ఉందో తేలాలి. అది తేలకుండా డెబ్బై వేలు గానీ అరవై వేలు గానీ తీయకండి.

ఎలా తేల్చాలి? మార్కుల షీటు చెప్పదు, నా దగ్గరున్న ఆప్టిట్యూడ్ టెస్టులూ పూర్తిగా చెప్పవు. మీ యూనిట్లోనే ఒక పని ఉంది, అది చెబుతుంది.

శనివారం కూలీల బట్వాడా లెక్క మీరు పుస్తకంలోనే రాస్తుంటారు కదా. ఎవరు ఎన్ని కిలోలు కటింగ్ చేశారు, ఎన్ని కిలోలు తొక్క తీశారు, కిలోకి ఎంత, మధ్యలో ఎవరు ఎంత అడ్వాన్సు తీసుకున్నారు. దీన్ని యాప్‌గా చేసిపెట్టమని వాడికి చెప్పండి. మూడు నెలలు గడువు ఇవ్వండి. మీ పుస్తకం మాత్రం మానకండి, రెండూ పక్కపక్కన నడవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ ఉద్దానం ప్రాంతాన్ని పడగొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. నెట్ లేకపోయినా నడిచే యాప్ కావాలని మొదటిరోజే షరతు పెట్టండి. ఆ ఒక్క షరతుతో వాడు నేర్చుకోవలసిన సగం పాఠం వచ్చేస్తుంది.

పని మొదలుపెట్టాక వాడికి ఎదురయ్యే చిక్కులు రెండు చెబుతాను. వాడికి ఇది చదివి వినిపించండి, ముఖం ఎలా మారుతుందో చూడండి.

ఒకటి డబ్బు లెక్క. పైథాన్‌లో 0.1కి 0.2 కలపమంటే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ అంకెల్ని 0, 1 అనే రెండు గుర్తుల్లోనే దాచుకుంటుంది, అందులో 0.1 సరిగ్గా ఇమడదు, కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇంత చిన్న తేడాయే కదా అనుకుని వదిలేస్తే ఏదో ఒక శనివారం కూడికలో పైసా తేడా వస్తుంది. పైసా పోయినందుకు కాదు, లెక్క తప్పిందన్న అనుమానం పడితే మీ యూనిట్లో ఆడవాళ్ళు ఆ యాప్‌ని మళ్ళీ నమ్మరు. అందుకని రూపాయల్ని పైసల్లోకి, కిలోల్ని గ్రాముల్లోకి మార్చి పూర్ణాంకాలుగానే దాచాలి, చూపించేటప్పుడు మాత్రమే చుక్క పెట్టాలి. బ్యాంకుల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు కూడా ఈ జాగ్రత్త పడతారు.

రెండోది తెలుగు. పేర్లు తెలుగులోనే కనిపించాలి, లేకపోతే పనిచేసేవాళ్ళు తమ లెక్క తాము చూసుకోలేరు. ఇప్పుడు శ్రీకాకుళం అనే మాటలో ఎన్ని అక్షరాలున్నాయని వాడిని అడగండి. శ్రీ, కా, కు, ళం, నాలుగు. అదే మాట పైథాన్‌కి ఇచ్చి పొడవు అడిగితే 10 అంటుంది. శ, విరామం, ర, ఈకారం అంటూ ఒత్తుల్నీ గుణింతాల్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. చీటీలో చోటు చాలక పేరుని మొదటి అయిదు దగ్గర కత్తిరిస్తే శ్రీక అని మిగులుతుంది, రెండు దగ్గర కత్తిరిస్తే పొల్లు శకారం ఒక్కటే మిగులుతుంది. ఇంగ్లీషు ఉదాహరణలు చూసి కోడింగ్ నేర్చుకున్నవాళ్ళకి ఇది చాలా ఆలస్యంగా తెలుస్తుంది. మీ వాడికి ఇంటర్‌లోనే తెలిస్తే మంచిదే.

ఇంత చేయడానికి గేమింగ్ లాప్‌టాప్ అక్కర్లేదు. మొదటి నెల ఫోన్లోనే గడుస్తుంది. పైడ్రాయిడ్ అనే యాప్‌లో పైథాన్ రాసి అక్కడే నడిపి చూసుకోవచ్చు. నెల దాటినా వదలకుండా పట్టుకున్నాడంటే అప్పుడు వాడిన లాప్‌టాప్ ఒకటి కొనండి. ఆఫీసుల నుంచి బయటకు వచ్చే థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్ లాంటివి ఇరవై, పాతిక వేలల్లో దొరుకుతాయి. ఎనిమిది జీబీ ర్యామ్‌కి తగ్గకూడదు, లోపల పాత హార్డ్ డిస్క్ కాకుండా ఎస్‌ఎస్‌డీ ఉండాలి. కొనే ముందు విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీయమనండి. తయారైనప్పటి కెపాసిటీ, ఇప్పుడు నిండే కెపాసిటీ రెండూ అందులో ఉంటాయి. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించమని అడగవచ్చు. ఈ బేరం వాడి చేతే చేయించండి. అన్ని ఫోన్ల వివరాలు తెలిసినవాడు కదా, కొట్టువాడి ముందు నిలబడి ఎంత ఉపయోగపడతాయో వాడికే తెలుస్తుంది.

ఇక కెమెరా. ఇక్కడ నా సొంత గోడు కొంచెం చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ సరదాపడి డీఎస్ఎల్ఆర్ కొన్నాను. ఆరు నెలలు మెడలో వేసుకుని తిరిగాను, తర్వాత బీరువాలో పెట్టాను. మూడో ఏట తీసి చూస్తే లెన్స్ లోపల సాలెగూడులాగా ఫంగస్. మన తీరంలో గాలి నిండా తడే. గుడ్డ సంచిలో పెట్టి మర్చిపోతే లెన్స్ అద్దానికి బూజు పడుతుంది, దాన్ని పైనుంచి తుడిస్తే పోదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచాలని ఆ తర్వాత తెలుసుకున్నాను. అసలు కారణం తడి కాదు లెండి, వాడకపోవడం. వారానికి రెండుసార్లు బయటకు తీసే కెమెరాకి అంత త్వరగా ఆ గతి పట్టదు.

వాడు 200 మెగాపిక్సెల్ అని ఊదరగొడుతుంటే ఒక మాట అడగండి. ఆ ఫోన్ మామూలుగా తీసే ఫొటో ఎన్ని మెగాపిక్సెల్? ఆ సెన్సార్లు పదహారేసి పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తాయి, వెలుతురు తక్కువున్నప్పుడు బొమ్మ గరగరలాడకుండా ఉండటానికి. ఇది వాడికి తెలిసే ఉంటుంది. ఎందుకలా చేస్తారో విడమరిచి చెప్పగలిగితే వాడు ప్రకటనలు చూసే దశ దాటాడన్నమాట.

లెక్కల మార్కుల సంగతి కూడా ఇక్కడే ఉంది. లెన్స్ మీద 1.4, 2, 2.8, 4, 5.6 అని అంకెలుంటాయి. ఎందుకీ వంకర అంకెలు, 1, 2, 3 అని ఉండొచ్చు కదా? ఒక్కొక్కటీ ముందుదాన్ని రూట్ 2తో గుణిస్తే వచ్చింది. అంకె పెరిగేకొద్దీ కాంతి వెళ్ళే రంధ్రం చిన్నదవుతుంది. ఆ రంధ్రం గుండ్రం, వైశాల్యం వ్యాసార్థం వర్గాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి అంకె ఒక మెట్టు పెరిగితే వెలుతురు సరిగ్గా సగం అవుతుంది. లెక్కల మాస్టారు వృత్త వైశాల్యం చెబితే ఆవలించేవాడు కెమెరా చేతికొస్తే రోజూ ఇదే లెక్క వేయాలి. రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో కటకాలు మొత్తం ఒక అధ్యాయం వస్తుంది. ఆ పుస్తకం తెరిచిన రోజు వాడి కెమెరా పిచ్చి అక్కరకొస్తుంది, కాబట్టి ఎంపీసీ మార్చే ఆలోచన వస్తే నాకు చెప్పకుండా చేయకండి.

కెమెరా విషయంలో కూడా మూడు నెలల పనే పెట్టండి, ఉన్న ఫోన్‌తో. తేలినీలాపురం కొంగల్ని తీస్తానని బయల్దేరతాడేమో, వద్దనండి. దూరంగా చెట్టు కొమ్మల్లో ఉన్న పెలికాన్లకి పొడవాటి లెన్స్ కావాలి. ఫోన్‌తో తీస్తే తెల్ల చుక్కలు వస్తాయి, ఇందుకే పెద్ద కెమెరా కావాలని మళ్ళీ మొదలుపెడతాడు. ఫోన్ లెన్స్‌కి దగ్గరితనం నప్పుతుంది. మీ యూనిట్లోనే కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ చేతులు, కటింగ్ మిషన్ కింద పగిలే పిక్క, నల్లబడిన వేళ్ళు, తొక్క పోయిన తెల్ల గుండు పప్పు. వాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే తీయాలి. ఒక్క నిమిషం వీడియో, పది షాట్లు, ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుతురులోనే. ప్రో మోడ్‌లో షట్టర్ వేగం, వెలుతురు పట్టే శక్తిని మార్చే ఐఎస్‌ఓ వాడి చేత్తో వాడే పెట్టాలి. ఎడిటింగ్‌కి స్నాప్‌సీడ్ ఫొటోల వరకు చాలు, ఉచితం.

ఇంకో జాగ్రత్త. ఇలాంటి పిల్లలు డబ్బు కట్టాల్సిన యాప్‌ల దొంగ కాపీల్ని టెలిగ్రామ్‌లో దింపుకుని ఫోన్లో ఎక్కిస్తారు. వాడి ప్రయోగాల ఫోన్లో మీ ఫోన్‌పే, మీ బ్యాంకు సిమ్ ఉండకూడదు. ఇదొక్కటి ఈరోజే చేయండి. ఎప్పుడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మూడు నెలల తర్వాత మూడింట్లో ఒకటి జరుగుతుంది.

యాప్ నడిచి, మీ పనివాళ్ళు నాకు ఈ వారం రెండు కిలోలు తక్కువ చూపించిందని గొడవపెడితే వాడు విసుక్కోకుండా కూర్చుని సరిచేశాడనుకోండి. అది ప్రోగ్రామర్ లక్షణం. ఈఏపీసెట్‌కి గట్టిగా చదివించండి. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. కంప్యూటర్ సైన్స్ సీటు రాక ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ వస్తే ముఖం ముడుచుకోవద్దు. ఫోన్ కెమెరాలో చిప్‌కీ సాఫ్ట్‌వేర్‌కీ మధ్య బొమ్మ నాణ్యతని సరిచేసే ఇంజనీర్లుంటారు, కెమెరా ట్యూనింగ్ అంటారు. ఆ పనికి ఈసీఈ చదువు, కొంచెం ప్రోగ్రామింగ్, ఫొటో చూస్తే తప్పు పట్టే కన్ను మూడూ కావాలి. మీ వాడికి ఆ మూడూ కుదరవచ్చు. ఐఐటీ మద్రాసు వాళ్ళు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ కూడా ఉంది. జేఈఈ ర్యాంకు అడగదు, వాళ్ళ క్వాలిఫయర్ పరీక్ష దాటాలి, పరీక్షలు మాత్రం సెంటర్‌కి వెళ్ళి రాయాలి. బీటెక్‌తో పాటు చేసేవాళ్ళున్నారు, బరువే గానీ.

యాప్ సగంలో ఆపేసి, ఒక నిమిషం వీడియో మాత్రం నాలుగుసార్లు మళ్ళీ తీసి మెరుగుపెట్టాడనుకోండి. అప్పుడు వాడి దారి కెమెరా. అప్పుడు కూడా చదువు మానొద్దు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీకి ఏదో ఒక డిగ్రీ ఉండాలి. హైదరాబాదులోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ డిగ్రీ ఉంది. డెబ్బై వేల ఖర్చు గురించి అప్పుడు మాట్లాడుకుందాం. అప్పుడైనా ముందు పాత కెమెరా బాడీ, ఒక 50 ఎంఎం లెన్స్.

రెండూ వదిలేసి, వచ్చే నెల విడుదలయ్యే ఫోన్ గురించి మాట్లాడుతున్నాడనుకోండి. కోప్పడకండి. వాడికి వస్తువులంటే ఇష్టం, అంతే. మనకి మోటారు సైకిళ్ళంటే లేదా? చదువు బాగా చదివించి, మార్కుల్ని బట్టి బ్రాంచి చూద్దాం.

మీ బావమరిది చెప్పిన కోర్సుని నేను మంచిదనీ చెడ్డదనీ అనను. కానీ అందులో నేర్పే మొదటి మూడు నెలల పాఠం ఎన్‌పీటెల్, స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల్లో డబ్బు కట్టకుండా వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

పాప గురించి ఒక్క వాక్యంలో దాటేశారు. తొమ్మిది అంటే ఇంకో ఏడాది ఉంది. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, పదో తరగతి మార్కుల మీదే సీటు, రెండేళ్ళ పీయూసీ, నాలుగేళ్ళ బీటెక్ అక్కడే. మీ అబ్బాయికి ఆ అవకాశం దాటిపోయింది, పాపకి దాటలేదు. యాప్‌లో తప్పులు వెతికే పని ఆ పిల్లకి ఇవ్వండి. అన్న రాసినదాంట్లో తప్పు పట్టడానికి చెల్లెలిని మించినవాళ్ళు ఉండరు.

మొదటి తప్పు నేనే అందిస్తాను. మీ యూనిట్లో ఒకే పేరున్న ఆడవాళ్ళు ఇద్దరైనా ఉండే ఉంటారు. బట్వాడా రోజు ఒకరి కిలోలు ఇంకొకరి ఖాతాలో పడకుండా ఏం చేస్తావని వాడిని అడగండి. ఇంటిపేరు కలుపుతానంటే, ఇద్దరూ తోడికోడళ్ళయితే ఏం చేస్తావని అడగండి. జవాబు మాత్రం మీరు చెప్పకండి.