ఈ మధ్య వచ్చిన హిప్ హాప్, ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లలో నేను మళ్లీ మళ్లీ వింటున్నవి

హిప్ హాప్, ఎలక్ట్రానిక్, ఎక్స్‌పెరిమెంటల్‌లో ఈ రెండేళ్లలో వచ్చినవి చాలా విన్నానని, సగం ఒకేలా ఉన్నాయని, మిగతా సగం ఏం చేస్తున్నాయో అర్థం కావడం లేదని మీరు రాశారు. నిజంగా వినదగ్గవి ఏవి, ఎందుకు అని అడిగారు. కొత్త ఆల్బమ్ ఏది పెట్టినా నేను ముందు వెతికేది డ్రమ్‌ని. అది ఎంత గట్టిగా మోగుతోందని కాదు, ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని. ఈ మధ్య నన్ను కదిలించిన రికార్డులన్నీ ఆ విషయంలో ఏదో ఒక తెగింపు చేసినవే.

నేను ఇంట్లో కంప్యూటర్ మీద సొంతంగా బీట్లు చేస్తుంటాను. ఈ పని చేసేవాళ్లకు ఒక సంగతి త్వరగానే తెలుస్తుంది. ప్రతి దెబ్బకీ కిక్ డ్రమ్ (దబ్‌మని బరువుగా మోగే డ్రమ్) పెట్టేస్తే పాట దానంతటదే నడిచిపోతుంది, పైన ఏమున్నా లేకపోయినా తల ఊగుతుంది. ఆ కిక్‌ని తీసేసి వింటే అసలు సరుకు ఎంతుందో బయటపడుతుంది. అందుకే దాన్ని కావాలని తీసేసినవాళ్ల మీద నాకు గౌరవం ఎక్కువ.

హిప్ హాప్‌లో ఈ దారి కొత్తదేమీ కాదు. రాక్ మార్సియానో అనే ర్యాపర్ 2010లో మార్క్‌బర్గ్ ఆల్బమ్ తెచ్చినప్పటి నుంచి, డ్రమ్స్ లేకుండానో ఉన్నా లేనట్టుగానో ఉండే లూప్ (తిరిగి తిరిగి వచ్చే సంగీతపు ముక్క) మీద ర్యాప్ చేయడం ఒక పద్ధతిగా స్థిరపడింది. నా దృష్టిలో దాన్ని ఎవరూ వెళ్లనంత లోతుకు తీసుకెళ్లింది కా (Ka) అనే ర్యాపర్. బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్‌లో పుట్టి పెరిగి, న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో కెప్టెన్‌గా ఉద్యోగం చేస్తూనే ఆయన ఈ పాటలు చేశారు. 2024 ఆగస్టులో ద థీఫ్ నెక్స్ట్ టు జీసస్ వచ్చింది. అక్టోబర్‌లో ఆయన చనిపోయారు, 52 ఏళ్లకే.

ఆ ఆల్బమ్ నిండా చర్చి పాటల శాంపిళ్లే, అంటే వేరే రికార్డుల నుంచి తీసుకున్న ముక్కలే. నల్లజాతి అమెరికన్ల చరిత్రలో క్రైస్తవం ఏం ఇచ్చింది, ఏం తీసుకుంది అన్నది దాని విషయం. కోరస్ గొంతులు తిరిగి తిరిగి వస్తుంటాయి, కింద కొట్టేదేమీ దాదాపు ఉండదు. ఇక లయ ఎక్కడిది? ఆయన నోటి నుంచే. హల్లులు గట్టిగా పడేచోట పదాలను పేర్చుకుంటూ, ప్రాసను లైను చివరే కాక మధ్యలోనూ దించుతూ, గొంతు కొంచెం కూడా పెంచకుండా చెప్పుకుపోతారు. మా తమ్ముడికి వినిపిస్తే మొదటి పాట అయిపోయాక కూడా "బీట్ ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగాడు. నేనేం చెప్పలేదు, రెండో పాట పెట్టాను. కాసేపటికి వాడి వేలు టేబుల్ మీద కదలడం మొదలైంది. డ్రమ్ లేకపోతే దాన్ని వినేవాడే వేసుకుంటాడు. కా ఆ నమ్మకంతోనే పాటలు కట్టారు. మీరు ఈ మొత్తం జాబితాలో ఒక్కటే వినగలిగితే ఇదే వినమంటాను.

ర్యాపర్ బిల్లీ వుడ్స్ ఆల్బమ్ గాలీవాగ్ (2025 మే) కూడా న్యూయార్క్‌లోనే పుట్టిన సంగీతమే అయినా దాని వాతావరణం పూర్తిగా వేరు. గాలీవాగ్ అనేది 1895లో ఒక పిల్లల బొమ్మల పుస్తకంతో మొదలై, తర్వాత ఇళ్లలో ఆటబొమ్మగా తిరిగిన, నల్లజాతివాళ్లను వెక్కిరించే రూపం. దాన్ని శీర్షికగా పెట్టుకుని 18 పాటల్లో భయాన్ని చూపించాడు. దెయ్యాల భయం కాదు, ఇంట్లో ఉండే భయం, చరిత్రలో ఉండే భయం. వాటర్‌ప్రూఫ్ మస్కారా అనే పాటలో ఒక స్త్రీ వెక్కి వెక్కి ఏడుస్తున్న శబ్దమే తిరిగి తిరిగి వస్తూ బీట్‌లో భాగమైపోతుంది. మొదటిసారి విన్నప్పుడు హెడ్‌ఫోన్స్ తీసేశాను. ఏడుపుకి తాళం వేస్తున్నానని నా పాదానికి తెలిసిన క్షణం అది. ప్రొడ్యూసర్ (బీట్ కట్టినవాడు) చేసిన ఆ ఒక్క నిర్ణయం, పాటలోని మాటలన్నిటికంటే ముందే మనల్ని ఆ ఇంటి లోపల నిలబెట్టేస్తుంది. ఎల్-పీ, ఆల్కెమిస్ట్, కెన్నీ సీగల్ ఇలా పాటకో ప్రొడ్యూసర్ ఉన్నా ఆల్బమ్ చీలిపోలేదు, అదే నాకు ఆశ్చర్యం.

ఇంకో ర్యాపర్ ఎర్ల్ స్వెట్‌షర్ట్ ఆల్బమ్ లివ్ లాఫ్ లవ్ (2025 ఆగస్టు) గురించి ఎక్కువ చెప్పను. దాదాపు 24 నిమిషాలే, హాయిగా ఉంది, డ్రమ్స్ ఉన్నాయి కానీ కాస్త తూలుతూ నడుస్తాయి. తండ్రయ్యాక అతని గొంతులో వచ్చిన వెలుగు వినబుద్ధేస్తుంది.

ఎలక్ట్రానిక్‌లో ఇదే పని చేసినవాడు బార్కర్. బెర్లిన్‌లో బెర్గైన్ అనే ప్రసిద్ధ టెక్నో క్లబ్బులో వాయించే డీజే అతను. కిక్ లేకుండా టెక్నో ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది, ఎందుకంటే ఆ సంగీతానికి కిక్కే ఆధారం. 2019లో వచ్చిన యుటిలిటీ ఆల్బమ్‌లో అతను దాన్నే తీసేశాడు. సింథ్ (ఎలక్ట్రానిక్‌గా శబ్దం పుట్టించే వాద్యం) స్వరాలే ఉబ్బుతూ తగ్గుతూ నాడిలా కొట్టుకుంటాయి, వాటి మధ్య ఖాళీలో కిక్ ఉందని ఒళ్లే ఊహించుకుంటుంది. నేను నా ట్రాకుల్లో అలా చేసి చూసినప్పుడు అర్థమైంది, కిక్ తీసేయడం తేలికే, తీసేశాక మిగిలిన ప్రతి స్వరం ఎప్పుడు మొదలై ఎంతసేపు నిలవాలో తేల్చుకోవడమే అసలు కష్టం. 2025లో వచ్చిన స్టొకాస్టిక్ డ్రిఫ్ట్‌లో ఆ నియమాన్నీ సడలించాడు. ఇప్పుడు డ్రమ్ములు వస్తాయి, కానీ గీత గీసినట్టు పడవు, కొన్నిచోట్ల జాజ్ వాద్యబృందం తడుముకుంటున్నట్టు ఉంటుంది. యుటిలిటీ విన్న తర్వాతే ఇది వినండి, అప్పుడే దాని స్వేచ్ఛ తెలుస్తుంది.

అదే ఏడాది ఏప్రిల్‌లో బ్రిటిష్ డీజే ఫీలిక్స్ మాన్యుయెల్ అండర్ టాంగుల్డ్ సైలెన్స్ తెచ్చాడు. అతను డ్రమ్ అనే పేరుతో రికార్డులు చేస్తాడు, వెతికేటప్పుడు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో డి తర్వాత జె పెట్టాలి. 2018 తర్వాత ఇదే అతని మొదటి ఆల్బమ్. మధ్యలో హార్డ్ డ్రైవ్ చెడిపోయి అప్పటిదాకా చేసిన పని పోయింది, మళ్లీ మొదలుపెట్టాడు. పియానోతో మెల్లగా మొదలై, మనం గమనించేలోపే డ్రమ్ములు జడివానలా కురుస్తాయి. బార్కర్ తీసేసినచోట ఇతను కుమ్మరించాడు. అయినా రెండింటిలోనూ ప్రతి దెబ్బా ఆలోచించి వేసిందే.

ఇక మీరు "అర్థం కావడం లేదు" అన్న ఎక్స్‌పెరిమెంటల్ వైపు వస్తే, కాలీ మలోన్ ఆల్ లైఫ్ లాంగ్ (2024) తో మొదలుపెట్టమంటాను. పైప్ ఆర్గన్ (గొట్టాల్లోంచి గాలి పంపి పలికించే పెద్ద వాద్యం), గాయక బృందం, ట్రంపెట్ లాంటి బ్రాస్ వాద్యాలు. డ్రమ్ అన్నదే లేదు, రాగం కూడా చాలా నెమ్మదిగా కదులుతుంది. ఇందులో వినడానికి ఏముందని అనిపిస్తే ఒక పని చేయండి. ఆర్గన్ ఉన్న పాట పెట్టి, దీర్ఘంగా నిలిచిన స్వరాల మీదే చెవి పెట్టండి. రెండు స్వరాలు దాదాపు ఒకే శ్రుతిలో ఉండి కాస్త తేడా ఉంటే, వాటి కలయిక పెరుగుతూ తరుగుతూ వినిపిస్తుంది. ఒకటి 220 హెర్ట్జ్ (సెకనుకు 220 కంపనాలు), ఇంకొకటి 221 అయితే సెకనుకు ఒకసారి ఆ ఊపు వస్తుంది. ఆమె పాత పద్ధతిలో శ్రుతి చేసిన ఆర్గన్లు వాడుతుంది కాబట్టి, స్వరాలు ఎక్కడ అచ్చంగా కలుస్తాయో, ఎక్కడ రాసుకుంటాయో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అంటే ఎవరూ కొట్టకుండానే గాల్లో లయ పుడుతోంది. ఇది పట్టుబడిన రోజు నాకు ఈ తరహా సంగీతం మీద ఉన్న దూరం పోయింది. నిద్ర పట్టడానికి వేసుకునే సంగీతమని దీన్ని కొందరు అంటే బాధేస్తుంది, ఇది మేలుకుని వినాల్సిన సంగీతం.

డ్రమ్ లేకపోవడమే గొప్ప అని నేను అనడం లేదు. లాస్ తుతనాకా (2025 మార్చి) పూర్తిగా అవతలి కొస. బొలీవియా ఐమారా మూలాలున్న తోబుట్టువులు చుకిమమని-కొండోరి, జోషువా చుకిమియా క్రాంప్టన్ కలిసి చేసిన రికార్డు ఇది. హుయాయ్‌నో, కపొరాల్ లాంటి ఆండీస్ నృత్య లయల మీద ఎలక్ట్రిక్ గిటార్, కీబోర్డు, డీజేలు మధ్యలో వేసే అరుపులు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. మాస్టరింగ్ కూడా చేయకుండానే విడుదల చేశారు, అంటే చివర్లో శబ్దాన్ని సాపు చేసే దశనే వదిలేశారు. అందుకే మీ స్పీకర్ పాడైందేమోనని అనుమానం వస్తుంది. పాడవలేదు, సౌండ్ కాస్త తగ్గించి పూర్తిగా వినండి. ఊరేగింపు మధ్యలో నిలబడితే ఏ వాద్యం ఎటు నుంచి వస్తోందో తెలియకపోయినా కాళ్లకు తెలిసినట్టు ఉంటుంది.

కిమ్ గోర్డన్ ద కలెక్టివ్ (2024) కూడా ఇటువైపుదే. సోనిక్ యూత్ బ్యాండ్‌లో పేరు తెచ్చుకున్న ఆవిడ 70 ఏళ్ల వయసులో, జస్టిన్ రైసెన్ చేసిన ట్రాప్ (బరువైన బేస్ ఉండే హిప్ హాప్ తరహా) బీట్ల మీద గరగరలాడే నాయిస్ గిటార్ వేసింది. మొదటి పాట బై బై మొత్తం ప్రయాణానికి సర్దుకోవాల్సిన వస్తువుల జాబితా. అంత మామూలు మాటల కింద అంత బరువైన బేస్ ఉండేసరికి, ఆమె ఎక్కడి నుంచో పారిపోతోందనిపిస్తుంది. టైలర్ ద క్రియేటర్ డోంట్ ట్యాప్ ద గ్లాస్ (2025 జూలై) అయితే అరగంట కూడా ఉండదు, నేరుగా డాన్స్ కోసం చేసింది. ఎవరో వీడియో తీస్తారన్న భయంతో మనుషులు నలుగురిలో డాన్స్ చేయడం మానేశారని అతను రాశాడు. ఆ దిగులు నాకు నిజమనిపించింది, పాటలు దానికి సరైన జవాబు.

నచ్చనివీ చెప్పాలి కదా. ప్లేబోయ్ కార్టీ మ్యూజిక్ (2025) లో 30 పాటలున్నాయి. అందులో ఓ పది నిజంగా కొత్తగా ఉన్నాయి, గొంతును అతను వాయిద్యంలా మార్చుకునే తీరు ఇంకెవరికీ రాదు. మిగతావి తీసేసి ఉంటే గొప్ప ఆల్బమ్ అయ్యేది. జేమీ ఎక్స్‌ఎక్స్ తొమ్మిదేళ్ల తర్వాత తెచ్చిన ఇన్ వేవ్స్ (2024) బాగా కుదిరిన పనే, కానీ బీట్ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తిరిగి విరుచుకుపడుతుందో నాకు ముందే తెలిసిపోయింది. మీరు "ఒకేలా ఉన్నాయి" అన్నది బహుశా ఇలాంటివి వరుసగా వినడం వల్లే అయ్యుంటుంది.

ఒక్క విషయం మాత్రం పట్టించుకోండి: ఇవేవీ ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. కిక్ డ్రమ్ బలమంతా 50, 60 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, ఫోన్ దాన్ని దాదాపు వినిపించదు. అలాంటప్పుడు డ్రమ్ తీసేసిన పాటకీ ఉన్న పాటకీ తేడా ఎలా తెలుస్తుంది? మామూలు వైర్డ్ ఇయర్‌ఫోన్స్ అయినా చాలు.

చివరగా నేను ఇంకా తేల్చుకోలేని ఆల్బమ్ ఒకటుంది, ర్యాపర్ డానీ బ్రౌన్ చేసిన స్టార్‌డస్ట్ (2025 నవంబర్). మద్యం, మత్తు మానేశాక అతను అండర్‌స్కోర్స్, జేన్ రిమూవర్, ఫ్రాస్ట్ చిల్డ్రన్ లాంటి తనకంటే చాలా చిన్నవాళ్లతో, హైపర్‌పాప్ (పాప్ శబ్దాలను కావాలని అతి చేసే తరహా) బీట్ల మీద చేశాడు. డ్రమ్ములు క్షణం కూడా ఊపిరి తీసుకోనివ్వవు. ఆ సంతోషం నిజమని నమ్ముతున్నాను, కానీ ఆ హోరులో అతని మాటలు కొన్నిచోట్ల మునిగిపోతున్నాయనిపిస్తోంది. మీరు విన్నట్టయితే ఏమనిపించిందో రాయండి.