పిహెచ్‌డీ చేసి సంఘం పనికి వెళ్తానంటోంది, చదువు వృథా కాదా?

ప్రశ్న: మా అమ్మాయి సముద్ర భూగర్భశాస్త్రంలో పిహెచ్‌డీ పూర్తి చేసింది. చదువుతుండగానే ఆసియా దేశాల శాస్త్రవేత్తల సంఘం ఒకదానిలో యువ పరిశోధకుల కమిటీలో పనిచేసేది. ఇప్పుడు సింగపూర్‌లో ఉన్న ఆ సంఘం ఆఫీసులో ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌గా రెండేళ్ల కాంట్రాక్టు ఇస్తామన్నారు. మేం పోస్ట్‌డాక్ (పిహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేసి యూనివర్సిటీలో చేరమంటున్నాం. ఈ ఉద్యోగం కుదరకపోతే విదేశాల్లో 'సైన్స్ డిప్లొమసీ' (దేశాల మధ్య సంబంధాల్లో సైన్స్ పాత్ర) మాస్టర్స్ చేస్తానంటోంది. మూడింటినీ పోల్చి చెప్పండి. ఇంత చదివి సంఘాలు నడుపుతూ కూర్చుంటే చదువంతా వృథా కాదా? – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలోని ఆఖరి వాక్యంతోనే మొదలుపెడతానండీ. మిగతాదంతా దానికోసమే రాశారు. ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. ఒకరికి సైన్స్ రాసే ఉద్యోగం, ఇంకొకరికి మ్యూజియం, మరొకరికి జర్నల్ ఎడిటింగ్. ఉద్యోగం ఏదైనా భయం ఒక్కటే: బంధువులు 'అమ్మాయి ఏం చేస్తోంది' అని అడిగితే ఒక్క మాటలో చెప్పగలిగే పేరు లేదు. ప్రొఫెసర్ అంటే అందరికీ అర్థమవుతుంది. సంఘం అనగానే కాలనీ సంఘమో, ఉద్యోగుల సంఘమో గుర్తొస్తుంది. మీ బాధ నాకు అర్థమైంది, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ బాధతో అమ్మాయి జీవితాన్ని నిర్ణయించడానికి వీల్లేదు.

ఈ సంఘాలు నిన్న మొన్న పుట్టినవి కావు. ఆసియా, ఓషియానియా (ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల ప్రాంతం) జీవరసాయన శాస్త్రవేత్తల సమాఖ్య 1972లో మొదలైంది. ఆసియా రసాయన సంఘాల సమాఖ్య 1979లో, ఆసియన్ ఫిషరీస్ సొసైటీ 1984లో వచ్చాయి. మీ అమ్మాయి రంగానికి దగ్గరగా ఉన్న ఆసియా ఓషియానియా జియోసైన్సెస్ సొసైటీ 2003లో పుట్టింది. దాని 2010 వార్షిక సమావేశం హైదరాబాద్‌లోనే జరిగింది. మనం వినలేదంటే, వాళ్లు వార్తల్లోకి వచ్చే పని చేయరు కాబట్టి. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కంపిస్తే రెండు మూడు గంటల్లో అలలు మన తూర్పు తీరాన్ని తాకాయి. అలాంటి సముద్రాన్ని చదివే ఇండోనేషియా, భారత్, జపాన్, శ్రీలంక శాస్త్రవేత్తలు ఒకరినొకరు ముందే ఎరిగి ఉండాలంటే ఏటా వాళ్లను ఒకచోట కూర్చోబెట్టేవాళ్లు ఉండాలి.

ఆ కూర్చోబెట్టడం ఎంత పనో మీకు ఒక్కసారి దగ్గరగా చూపిస్తాను. చాలా ఏళ్ల క్రితం ఒక ప్రాంతీయ సదస్సులో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నేను సాయం చేశాను. ఇండోనేషియా నుంచి రావాల్సిన ఒక పరిశోధకుడు మూడో రోజు వచ్చాడు. ఆయన ప్రసంగం మొదటి రోజే. కారణం ఏమిటంటే ఆయనకున్నది ఒక్కటే పేరు. అక్కడ చాలామందికి అంతే, ఇంటిపేరు ఉండదు. మా ఫారం మాత్రం ఇంటిపేరు గడి నింపితే గానీ ముందుకు కదలదు. ఆయన ఉన్న పేరునే రెండుసార్లు కొట్టాడు. ఆహ్వాన పత్రంలో పేరు రెండుసార్లు, పాస్‌పోర్టులో ఒక్కసారే. వీసా దగ్గర ఆగిపోయింది. ఆయన బ్యాడ్జి మీద కూడా ఆ పేరు రెండుసార్లు అచ్చయింది. నా చేతుల్లోంచే తీసుకుని, ఏమీ అనకుండా మెడలో వేసుకున్నాడు. తెలుగువాళ్లుగా మనం ఇంటిపేరు ముందు రాస్తాం, చైనా, కొరియా, వియత్నాంలలోనూ అంతే. మయన్మార్‌లో ఇంటిపేరు అనే పద్ధతే లేదు. ఇవన్నీ తెలిసిన మనిషి ఆ ఫారం తయారుచేసి ఉంటే ఆయన మొదటి రోజే మాట్లాడేవాడు.

పేరు ఒక్కటే కాదు. ఢిల్లీలో ఉదయం 11 గంటలకు ఆన్‌లైన్ మీటింగ్ అంటే ఖాట్మండులో 11.15, సింగపూర్‌లో మధ్యాహ్నం 1.30, టోక్యోలో 2.30. శుక్రవారం పెడదామంటే బంగ్లాదేశ్‌కు సెలవు, శనివారం అంటే నేపాల్‌కు సెలవు. ఏప్రిల్ మధ్యలో థాయ్‌లాండ్ కొత్త సంవత్సరం, ఆ నెలాఖరు నుంచి జపాన్‌లో వరుస సెలవులు. 100 డాలర్ల చందా బ్యాంకు ద్వారా పంపితే మధ్య బ్యాంకులు కోసుకోగా చేరేది అంతకంటే తక్కువ. ఆ తేడా సభ్యుడు కట్టాలా, సంఘం భరించాలా? అంతర్జాతీయ సైన్స్ కౌన్సిల్‌లో తైవాన్ శాస్త్రవేత్తల సభ్యత్వం 'చైనా: తైపీ' పేరుతో ఉంటుంది. వెబ్‌సైట్‌లో 'దేశం' అన్న గడి కింద తైవాన్ అని రాస్తే ఒకరికి అభ్యంతరం, రాయకపోతే ఇంకొకరికి. అందుకే తెలిసినవాళ్లు ఆ గడికి 'దేశం లేదా ప్రాంతం' అని పేరు పెడతారు. మన దేశంలో అంతర్జాతీయ సదస్సు పెడితే విదేశాంగ, హోం శాఖల అనుమతులు ముందే తెచ్చుకోవాలి, అవి వచ్చాకే విదేశీ అతిథుల వీసాల మాట.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ అమ్మాయి ఆ కమిటీలో ఏం చేసిందో మీరు ఎప్పుడైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ ముక్కే లేదు. ఊరికే కూర్చున్న మనిషిని పిలిచి ఉద్యోగం ఇవ్వరండీ. ఇంకోమాట, రెండేళ్ల కాంట్రాక్టు అని భయపడుతూ పోస్ట్‌డాక్ చేయమంటున్నారు. పోస్ట్‌డాక్ కూడా కాంట్రాక్టే, చాలాచోట్ల అదీ ఒకటి రెండేళ్లే. ఒకటి అనిశ్చితి, రెండోది భద్రత అనుకోవడం మీ మనసు చేస్తున్న పని. రెండూ అనిశ్చితే.

అలాగని సంఘం ఉద్యోగం బంగారమని చెప్పను. అందులో నాకు గట్టి అనుమానాలున్నాయి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అందరూ ఎన్నికైన శాస్త్రవేత్తలు, గౌరవ పదవుల్లో ఉంటారు. రెండు మూడేళ్లకు మారిపోతారు. జీతం తీసుకునేవాళ్లు సాధారణంగా ఒకరో ఇద్దరో, మహా అయితే నలుగురైదుగురు. ప్రమోషన్ల మెట్లు ఉండవు. నిర్ణయాలు కౌన్సిల్‌వి, చాకిరీ ఆఫీసుది. పైగా ఆదాయంలో పెద్ద భాగం వార్షిక సదస్సు ఫీజుల నుంచే. 2020లో సదస్సులు ఆగినప్పుడు అలాంటి సంఘాలకు ఊపిరాడలేదు. అందుకని ఒక్క ఏడాది సదస్సు జరగకపోయినా జీతాలు ఇవ్వగల నిల్వ ఉందా అని అమ్మాయి సూటిగా అడగాలి. మూడేళ్ల లెక్కలు చూపించమనాలి. సింగపూర్‌లో రిజిస్టరైన సంఘాలు ఏటా లెక్కలు దాఖలు చేయాలి కాబట్టి లేవనడానికి వీల్లేదు.

వర్క్ పాస్ సంగతి కూడా ఉంది. సింగపూర్‌లో విదేశీ ఉద్యోగులకిచ్చే ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు 2025 జనవరి నుంచి కొత్త దరఖాస్తులకు కనీస జీతం నెలకు 5,600 సింగపూర్ డాలర్లు, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. చిన్న సంఘానికి అది మోయలేని బరువు. ఆఫర్ నోటిమాటగా ఉన్నంతవరకు సంతోషించనూ వద్దు, దిగులుపడనూ వద్దు.

ఇక సైన్స్ డిప్లొమసీ మాస్టర్స్. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే సైన్స్ పిల్లల్లో చాలామంది నోట ఈ మాట వింటున్నాను. 2010లో బ్రిటన్ సైన్స్ అకాడమీ అయిన రాయల్ సొసైటీ, అమెరికా సైన్స్ సంఘం కలిసి ఒక నివేదిక ఇచ్చాక ఈ పేరు ప్రపంచమంతా తిరిగింది. విషయం మంచిదే, నాకు దానిమీద గౌరవం ఉంది. నా అనుమానమంతా అప్పు చేసి చదివే డిగ్రీ మీద. మన రాయబార కార్యాలయాల్లో సైన్స్ కౌన్సిలర్ పోస్టులున్నవి వాషింగ్టన్, మాస్కో, టోక్యో, బెర్లిన్ లాంటి కొద్దిచోట్లే. వాటికి సాధారణంగా ప్రభుత్వ సర్వీసులో ఉన్నవాళ్లే వెళ్తారు, ఈ మాస్టర్స్ చేసి నేరుగా వెళ్లే దారి నాకు కనిపించలేదు. ఈ డిగ్రీ పరిభాష నేర్పుతుంది. మూడు దేశాల ప్రొఫెసర్లు ఒకే ఈమెయిల్‌కు మూడు రకాలుగా కోపం తెచ్చుకుంటే ఏం చేయాలో ఆ కుర్చీలో కూర్చుంటేనే తెలుస్తుంది. ఆ కుర్చీ మీ అమ్మాయికి జీతమిచ్చి ఇస్తామంటున్నారు! నేర్చుకోవాలనే ఉంటే ఇటలీలోని ట్రియెస్టేలో ప్రపంచ సైన్స్ అకాడమీ 2014 నుంచి కొద్దిరోజుల కోర్సు నడుపుతోంది. ఆ పాటి చాలు. దానికోసం ఇల్లు తాకట్టు పెట్టొద్దు.

మూడింటినీ పోల్చమన్నారు. మాస్టర్స్ వద్దు. మిగిలిన రెండింటిలో ఏది గొప్పదని కాకుండా, ఒకటి చేసి రెండోదానికి ఎలా వెళ్లొచ్చో చూడండి. పోస్ట్‌డాక్ చేసిన మనిషి తర్వాత సంఘం పనికి వెళ్లడం తేలిక. సంఘం నుంచి పరిశోధనకు తిరిగి రావడం కష్టమే, అసాధ్యం కాదు. కష్టాన్ని తగ్గించేది ప్రచురణలు. వెళ్లేలోపే థీసిస్‌లోంచి రెండు పేపర్లు పంపేయాలి. వారానికి ఒక రోజు పరిశోధనకు, అక్కడి యూనివర్సిటీతో ఏదో ఒక అనుబంధానికి కాంట్రాక్టులోనే చోటు అడగాలి. ఇది హోదా కోసం కాదు. ఆ సంఘంలో మాట చెల్లేది శాస్త్రవేత్తగా పేరున్నవాళ్లదే. పరిశోధన వదిలేస్తే ఆమెను ఈమెయిళ్లు పంపే మనిషిగానే చూస్తారు. ఫెలోషిప్పుల వయోపరిమితులు ఇప్పుడే లెక్కేసుకుని, రెండేళ్ల తర్వాత ఏవి మిగులుతాయో కాగితం మీద రాసుకోమనండి.

చదువు వృథా అవుతుందన్న టెన్షన్ మాత్రం వదిలేయండి. సముద్రం అడుగున పొరలు చదవడం తెలియని మనిషి, ఏ సెషన్ ఎవరికి ఇవ్వాలో, ఏ పేపర్ ఎక్కడ పెట్టాలో చెప్పలేరు. ఆ పిహెచ్‌డీ లేకపోతే ఈ పిలుపే వచ్చేది కాదు. ఆసియాలో తన రంగం వాళ్లందరినీ పేరుపేరునా ఎరిగి ఉండటం ముప్ఫై ఏళ్ల వయసులోపు ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి?

బంధువులకు ఏం చెప్పాలన్నది తేల్చాల్సింది మీరూ అమ్మాయీ కలిసి. ముందు ఆమెను కూర్చోబెట్టి కమిటీలో చేసిన పని గురించి పూర్తిగా వినండి, మధ్యలో పోస్ట్‌డాక్ మాట ఎత్తకుండా. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, పాస్ ఏ జీతానికి అప్లై చేస్తున్నారో, రెండు పేపర్లు ఎంతవరకు వచ్చాయో నాకు రాయండి. అప్పుడు తేదీలు పెట్టుకుని మాట్లాడుకుందాం.