శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ప్రయాణం ఎన్ని గంటలు?

ప్రశ్న: మా అబ్బాయి దుబాయ్‌లో పనిచేస్తున్నాడు. అతని టికెట్టులో శంషాబాద్ నుంచి ఉదయం 10.00కు బయలుదేరి మధ్యాహ్నం 12.30కు దుబాయ్ చేరుతుందని ఉంది. తిరుగు టికెట్టులో మాత్రం మధ్యాహ్నం 2.00కు బయలుదేరి రాత్రి 7.00కు చేరుతుందని ఉంది. దారి ఒక్కటే కదా, ఇంత తేడా ఎందుకు? అసలు దూరమెంత?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఈ రెండు విమానాశ్రయాల మధ్య అతి దగ్గరి దారిన దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. మీకు కనిపించిన తేడాలో ఎక్కువ భాగం గడియారాలది. టికెట్టులో బయలుదేరే వేళను బయలుదేరే ఊరి సమయం ప్రకారం, చేరే వేళను చేరే ఊరి సమయం ప్రకారం వేస్తారు. మన దేశ సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. దుబాయ్ సమయానికి ఆధారం 60 డిగ్రీల రేఖాంశం. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కగడితే దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. కాబట్టి మీ అబ్బాయి పోయేటప్పుడు రెండున్నర గంటలకు గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు ఐదు గంటల్లోంచి గంటన్నర తీసివేయాలి. అసలు ప్రయాణం పోను నాలుగు గంటలు, రాను మూడున్నర గంటలు.

మిగిలిన ఆ అరగంట గాలిది. చలికాలంలో ఉత్తర, మధ్య భారతం మీదుగా పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలులు బలంగా వీస్తాయి. విమానం గాలిలో గంటకు 840 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుంటే, గంటకు 80 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలినప్పుడు నేల మీద అది దాటే దూరం గంటకు 760 కిలోమీటర్లే. అదే గాలి వెనుక నుంచి తోస్తే 920 అవుతుంది. ఇంత దూరానికి ఆ ఒక్క కారణంతోనే ముప్పై నిమిషాలకు పైగా తేడా వస్తుంది. వానాకాలంలో దక్షిణ భారతం మీద పైగాలులు తూర్పు నుంచి వీస్తాయి కనుక అప్పుడు ఈ తేడా తగ్గుతుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే మూడు గంటలే వస్తుందేమని మీరు అడగవచ్చు. టికెట్టులోని సమయం విమానం గేటు వదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేవరకు లెక్క; రన్‌వే దాకా నడవడం, వంతు కోసం ఆగడం, నెమ్మదిగా ఎక్కడం, దిగడం అన్నీ అందులోనివే.

మీలాంటి కుటుంబాలు జాగ్రత్త పడవలసింది రాత్రి విమానాల విషయంలో. 14వ తేదీ రాత్రి 9.50కు దుబాయ్‌లో బయలుదేరే విమానం శంషాబాద్‌లో దిగేసరికి 15వ తేదీ తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతమవుతుంది. టికెట్టులో చేరే వేళ పక్కన చిన్నగా కనిపించే ‘+1’ గుర్తుకు అర్థం అదే. దాన్ని విమానసంస్థలు ఇంకా పెద్ద అక్షరాల్లో ముద్రించాలని నా అభిప్రాయం. జగిత్యాల నుంచి కారు మాట్లాడుకునేముందు ఆ తేదీని సరిచూసుకోండి.

ప్రశ్న: ఇదే దూరాన్ని ఫోన్‌లో ఒకచోట 1,585 అని, మరోచోట 1,377 అని చూపిస్తోంది. ఏది నిజం?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: రెండూ నిజమే. మొదటిది 1.609 కిలోమీటర్ల మామూలు మైళ్లలో, రెండోది 1.852 కిలోమీటర్ల నాటికల్ మైళ్లలో చెప్పిన లెక్క. పైలట్లు వాడేది రెండోదే. అయితే విమానం నిర్ణీత మార్గాల వెంట మలుపులు తిరుగుతూ పోతుంది కనుక, నిజంగా ఎగిరే దూరం ఈ అంకెలకన్నా కొంత ఎక్కువే ఉంటుంది.