థర్మోకోల్ కట్టర్‌కి ఏ స్విచ్ పెట్టాలి?

తమ్ముడూ, పెళ్లి మండపాల అక్షరాల కోసం కావలిలో నువ్వు చేసుకున్న నైక్రోమ్ తీగ (కరెంటు పారితే వేడెక్కే తీగ) కట్టర్‌లో పుష్ బటన్లు వరసగా కరిగిపోతున్నాయన్నావు. తప్పు బటన్‌ది కాదు. రెండు లిథియం సెల్స్ సిరీస్‌లో అంటే 7.4 వోల్టులు, నీ తీగ 1.5 ఓమ్‌లు, దాదాపు 5 ఆంపియర్లు. ఆ బుల్లి టాక్ట్ బటన్ తట్టుకునేది 0.05 ఆంపియరే.

6 ఆంపియర్ల రాకర్ స్విచ్ (ఒకసారి నొక్కితే ఆన్‌లోనే ఉండిపోయేది) పనిచేస్తుంది గానీ, కట్టర్ కింద పెట్టి ఫోన్ ఎత్తావంటే తీగ కాలుతూనే ఉంటుంది. చేయి తీస్తే ఆగేదే కావాలి.

అందుకని బటన్ అదే రకం ఉంచి, ఐఆర్ఎల్‌జడ్44ఎన్ (IRLZ44N) మాస్‌ఫెట్ వెయ్యి. అది మూడు కాళ్ల ఎలక్ట్రానిక్ స్విచ్, బటన్ దాని గేట్‌కి వోల్టేజ్ ఇస్తే చాలు, తీగ కరెంటంతా అదే మోస్తుంది. దాని మీద ముద్రించిన అక్షరాలు నీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ కాలు గేట్, మధ్యది డ్రెయిన్, కుడిది సోర్స్. సోర్స్ బ్యాటరీ మైనస్‌కి, డ్రెయిన్ తీగ ఒక కొసకి, రెండో కొస ప్లస్‌కి. బటన్ ప్లస్‌కీ గేట్‌కీ మధ్య. గేట్‌కీ సోర్స్‌కీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మాత్రం మర్చిపోకు. అది లేకపోతే బటన్ వదిలినా గేట్‌లో ఛార్జ్ నిలిచిపోయి తీగ చల్లారదు.

ప్లస్ వైరులో కార్లకి వేసే 7.5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు పెట్టు. షాపులో ఐఆర్ఎఫ్‌జడ్44ఎన్ (IRFZ44N) అంటగట్టబోతారు, దాని గేట్‌కి ఎక్కువ వోల్టేజ్ కావాలి కాబట్టి సెల్స్ ఛార్జ్ తగ్గేకొద్దీ అది వేడెక్కుతుంది. పేరులో మూడో అక్షరం ఎల్ ఉందో లేదో చదివి తీసుకో.