పొడవు స్టడ్లు వేసే ముందు

అల్లుడూ,

కారు చక్రాల వెనక స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే లోహపు బిళ్ళలు) పెట్టాక స్టడ్ల (చక్రాన్ని బిగించే, మరలున్న కడ్డీల) మీద నట్టు నాలుగు చుట్లే పడుతోందని రాశావు. ఆ నాలుగు చుట్ల మీద బండి కదపకు. స్పేసర్లు తీసి పక్కన పెట్టి, చక్రాలు మామూలుగా బిగించుకున్నాక మిగతాది చదువు.

చక్రం మీద పడే బరువంతా స్టడ్ల మీదే ఆనుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నట్టు బిగించినప్పుడు స్టడ్ రవ్వంత సాగుతుంది. సాగిన ఉక్కు వెనక్కి లాగే బలానికి చక్రం హబ్‌కి (స్టడ్లు దిగి ఉండే, చక్రంతోపాటు తిరిగే భాగానికి) గట్టిగా అదుముకుంటుంది. బరువు మోసేది ఆ అదుముడే. అది సడలిందంటే చక్రం తిరిగిన ప్రతిసారీ స్టడ్ అటూ ఇటూ వంగి, అలసిపోయి విరుగుతుంది. కొత్త స్టడ్లు వేసేది ఆ బిగింపు పోకుండా ఉండటానికే.

స్టడ్ ఎంత మందమో, నట్టు లోపల కనీసం అంత పొడవు థ్రెడ్ (మర) పట్టాలి. 12 మి.మీ. స్టడ్‌కి పిచ్ (ఒక్క చుట్టుకి నట్టు ముందుకు జరిగే దూరం) 1.5 మి.మీ. అయితే 8 పూర్తి చుట్లు, 1.25 అయితే 10. 14 మి.మీ. స్టడ్, 1.5 పిచ్ అయితే 10 అనుకో. నట్టు చేత్తో తిప్పుతూ, థ్రెడ్ అందుకున్న దగ్గర్నుంచి లెక్కపెట్టు. స్పేసర్ 15 మి.మీ. ఉంటే కొత్త స్టడ్ పాతదానికన్నా కనీసం 15 మి.మీ. ఎక్కువ పొడవుండాలి. మరీ పొడవైతే ఇంకో చిక్కు: మూత ఉన్న నట్లు లోపల స్టడ్ కొసకి తగిలి ఆగిపోతాయి. పానాకి గట్టిగానే తెలుస్తుంది, చక్రం మాత్రం వదులుగా ఉంటుంది. రెండువైపులా తెరిచి ఉన్న నట్లే తీసుకో. అంచు ఏటవాలుగా ఉందా, గుండ్రంగా ఉందా అన్నది మాత్రం నీ చక్రానికి తగ్గట్టే ఉండాలి.

కొనేముందు పాత స్టడ్ ఒకటి బయటికి తీసి వెర్నియర్‌తో (మి.మీ.లో భాగాలు కూడా చూపే కొలత సాధనంతో) కొలువు. షాపులో కారు పేరు చెప్పి తెచ్చుకుంటే సరిపోదు. థ్రెడ్ సైజు, పిచ్ అందరూ చూస్తారు. అసలు చూడాల్సింది తల కింద గాట్లున్న భాగం మందం. అది కొంచెం తక్కువైతే నట్టు బిగించేటప్పుడు స్టడ్ హబ్‌లోనే గిరగిరా తిరుగుతుంది, ఎక్కువైతే హబ్ అంచు పగిలే ప్రమాదం ఉంది. తల వెడల్పు, మందం కూడా పాతదానితో పోల్చు. బలం 10.9 గ్రేడ్‌కి (ఉక్కు బలాన్ని చెప్పే అంకె) తగ్గనివ్వకు.

పనిలోకి దిగితే, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్ పెట్టు, నేల మీదున్న చక్రాలకి అడ్డు వెయ్యి. కాలిపర్ (డిస్క్‌ని పట్టి ఆపే బ్రేక్ భాగం) విప్పాక బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టు. డిస్క్ తీస్తే స్టడ్ల తలలు వెనక కనిపిస్తాయి. హబ్ తిప్పుతూ, వెనక ఖాళీ ఎక్కువున్న చోట ఒక్కో స్టడ్ బయటికి వస్తుందో లేదో చూడు. పాతది వచ్చినంత మాత్రాన పొడవుది దూరుతుందని కాదు. కొన్ని కార్లలో హబ్ మొత్తం విప్పక తప్పదు. అలాంటప్పుడు స్టడ్‌ని ఏటవాలుగా కొట్టి దూర్చాలని చూడకుండా ప్రెస్ ఉన్న వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళు.

పాతవి తీయడానికి చాలామంది సుత్తి వాడతారు. నాకది నచ్చదు. ప్రతి దెబ్బా బేరింగ్‌లోని గుండ్లకి తగులుతుంది. కొన్నాళ్ళకి చక్రం దగ్గర హోరు మొదలైతే కారణం ఎవరికీ తట్టదు. మరతో నొక్కే స్టడ్ ప్రెస్ దొరికితే అదే వాడు.

కొత్తది ఎక్కించేటప్పుడు గాట్లు పాత గాట్లలోనే కూర్చునేలా చేత్తో సర్ది, ముందునుంచి మందపాటి వాషర్లు నాలుగైదు వేసి, వాటి మీద ఒక పాత నట్టు చదునైన వైపు ఆనేలా పెట్టి, పానాతో నిదానంగా లాగు. వాషర్ల మధ్య కాస్త గ్రీజు రాస్తే నట్టు తేలిగ్గా తిరుగుతుంది. ఇంపాక్ట్ గన్ (దెబ్బలతో నట్టు తిప్పే యంత్రం) వద్దు, థ్రెడ్ వేడెక్కి పాడవుతుంది. చక్రం పెట్టి దాని నట్లతోనే లాగేద్దామన్న ఆలోచన అసలే వద్దు. తల సగంలో ఆగిపోతే నీకు తెలియదు, రోడ్డు మీద మెల్లగా లోపలికి జరిగి బిగింపు పోతుంది. లాగడం అయ్యాక టార్చ్ వేసి వెనకనుంచి చూడు. తలకీ హబ్‌కీ మధ్య సందు ఏమాత్రం ఉండకూడదు. లాగడానికి వాడిన నట్టుని మళ్ళీ చక్రానికి వాడొద్దు.

గ్రీజు ఎక్కడైనా అంటితే థ్రెడ్లు శుభ్రంగా తుడిచేయి. కంపెనీ చెప్పే టార్క్ (నట్టు ఎంత బలంగా తిప్పి బిగించాలో చెప్పే అంకె) సాధారణంగా పొడి థ్రెడ్‌కి చెప్పింది. జిడ్డు ఉంటే అదే అంకె దగ్గర స్టడ్ అవసరానికి మించి సాగుతుంది. హబ్ ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకు. స్పేసర్ మధ్య రంధ్రం హబ్ మీద ఊగకుండా కూర్చోవాలి. చక్రం కూర్చోవడానికి స్పేసర్ ముందు కూడా అంచు ఉంటే మంచిది. ఒకదాని మీద ఒకటి రెండు స్పేసర్లు పెట్టకు.

నట్లు ఎదురెదురుగా మార్చుకుంటూ, చివరికి టార్క్ రెంచ్‌తో నీ కారు పుస్తకంలో ఉన్న అంకెకి బిగించు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రం చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూడు. ఏ నట్టయినా కదిలితే ఇంకో 100 కిలోమీటర్లకి మళ్ళీ చూడాల్సిందే. రెండోసారి కూడా కదిలితే చక్రం విప్పి తలలు, స్పేసర్ ముఖం పరీక్షించు, ఊరికే బిగించి వదిలేయకు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, వెనక మనుషుల్ని కూర్చోబెట్టి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని కూడా చూసుకో. ఈ మార్పుకి మీ దగ్గర అనుమతి ఉందో లేదో, ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకుంటారో లేదో డబ్బు పెట్టకముందే కనుక్కో.

నీ స్పేసర్లు 25 మి.మీ. దాకా ఉంటే నాకు రాయి. ఆ మందంలో సొంత స్టడ్లతో వచ్చే రకం దొరుకుతుంది, అప్పుడు నీ హబ్ ముట్టుకునే పనే ఉండకపోవచ్చు. వెనక చక్రాలకి డ్రమ్మా, డిస్కా అన్నది కూడా రాయి. డ్రమ్ అయితే బ్రేక్ షూలు అడ్డం వస్తాయి, దాని సంగతి వేరే చెప్పాలి.

ఉంటాను,
మామయ్య